డిస్ప్యూట్ పేజీలో ఎవరూ నొక్కని ఆ లింకు

ఆన్‌లైన్ వేలంలో పాత కెమెరా లెన్సులు కొనడం నాకు ఏళ్ల నాటి అలవాటు. చెప్పింది ఒకటి, పంపింది ఇంకొకటి అనే గొడవలు కూడా అంతే పాతవి. బిడ్ ఎలా వేయాలి, తేడా వస్తే సైట్‌లో ఫిర్యాదు కేసు ఎలా తెరవాలి అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేను వాడే సైట్‌లో డిస్ప్యూట్ పేజీ, అంటే ఆ ఫిర్యాదు నడిచే పేజీ, అడుగున ఒక చిన్న లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే వేలం ముగిసిన క్షణానికి లిస్టింగ్, అంటే సెల్లర్ పెట్టిన అమ్మకం పేజీ, ఎలా ఉందో అలాగే తెరుచుకుంటుంది. టైటిల్, వివరణ, ఫోటోలు, అడిగిన ప్రశ్నలు అన్నీ అందులో ఉంటాయి. సెల్లర్ ఆ తరువాత ఏం మార్చుకున్నా ఆ కాపీని ముట్టుకోలేడు. మిగతా సౌకర్యాలన్నీ తీసేసి ఇదొక్కటి ఉంచినా నేను ఇక్కడే కొంటాను.

దీని మీద నాకు ఇంత మురిపెం ఎందుకో తెలియాలంటే సూపర్ టకుమార్ కథ చెప్పాలి. 50 ఎంఎం, ఎఫ్ 1.4 లెన్స్ అది. పేరు ఒకటే అయినా లోపల రెండు రకాలు. 1964లో వచ్చిన మొదటి రకంలో ఎనిమిది గాజు ఎలిమెంట్లు (విడివిడి గాజు బిళ్లలు) ఉంటాయి. తరువాత డిజైన్ మార్చి ఏడుకు తగ్గించారు, అందులో థోరియం కలిపిన గాజు వాడారు. థోరియం కలిస్తే గాజు కాంతిని బాగా వంచుతుంది, రంగులు పెద్దగా విడిపోవు. కానీ అది రేడియోధార్మిక పదార్థం కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజు పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. ముందు వైపు రింగు మీది అక్షరాలు చూసి ఏది ఏ రకమో చెప్పలేం. ఎనిమిది ఎలిమెంట్ల దానికేమో గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువ. తప్పుడు వివరణలకు ఇంతకంటే అనువైన సరుకు ఉండదు.

నేను కొన్న దాని లిస్టింగ్ టైటిల్‌లోనే "8 ఎలిమెంట్లు" అని ఉంది. వివరణలో "మొదటి రకం, గ్యారంటీ" అని ఇంకో మాట. పార్సిల్ విప్పి లెన్సును తెల్ల కాగితం మీద పెట్టగానే కాగితం పసుపు పచ్చగా కనిపించింది. ఎంత దూరం మేర ఫోటో స్పష్టంగా వస్తుందో చూపే అంకెల వరుస లెన్సు మీద ఉంటుంది, ఆ డెప్త్ స్కేల్ చూశాను. ఎనిమిది ఎలిమెంట్ల దానిలో ఇన్‌ఫ్రారెడ్ ఫోటోల ఫోకస్ కోసం వేసిన ఎర్ర గీత 4 అంకెకు కుడి పక్కన ఉంటుంది, ఏడు ఎలిమెంట్ల దానిలో ఎడమ పక్కన. నా చేతిలో ఉన్నదానికి ఎడమ పక్కనే ఉంది. ఇక అనుమానం లేదు.

కేసు తెరిచాను. సెల్లర్ మొదటి జవాబు: పాత లెన్సు కదా, కోటింగ్ ముదిరి ఆ రంగు వచ్చింది. రెండో జవాబు ఇంకా బాగుంది: కొన్నాళ్లు ఎండలో పెట్టండి, పోతుంది. అందులో అబద్ధం లేదు, అతినీల కాంతి తగిలితే థోరియం గాజు పసుపు చాలావరకు వదులుతుంది. కాకపోతే ఎండలో పెట్టినంత మాత్రాన ఏడు ఎలిమెంట్లు ఎనిమిది కావు. పైగా కేసు నడుస్తుండగా వస్తువు మీద ఏ ప్రయోగమూ చేయకూడదు. వచ్చిన స్థితిలోనే తిరిగి పంపాలి, లేకపోతే "మీరే పాడుచేశారు" అనే మాట ఎదురవుతుంది. లెన్సును డబ్బాలో పెట్టి పక్కన ఉంచేశాను.

మూడో జవాబుకి మాత్రం కడుపు మండింది. "నేను ఎనిమిది అని ఖాయంగా చెప్పలేదు, కావచ్చు అన్నాను, పేజీ చూసుకోండి" అన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే పేజీలో "బహుశా 8 ఎలిమెంట్లు కావచ్చు" అని ఉంది. గ్యారంటీ మాట మాయం. అమ్మకం అయిపోయాక కూడా వివరణ సరిదిద్దుకునే వీలు సెల్లర్లకు ఈ సైట్ ఎందుకు ఇస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్షర దోషాలు దిద్దుకోవడానికట! అప్పుడే ఆ చిన్న లింకు నొక్కాను. టైటిల్ అలాగే ఉంది, గ్యారంటీ మాట అలాగే ఉంది, కింద వేలం ముగిసిన తేదీ, సమయంతో సహా. ఆ కాపీని కేసులో జతచేసి రెండే వాక్యాలు రాశాను: టైటిల్‌లో చెప్పింది ఇది, వచ్చింది ఇది. ఎర్ర గీత ఫోటో, తెల్ల కాగితం ఫోటో పెట్టాను. థోరియం చరిత్ర రాయలేదు. కేసు చదివే ఉద్యోగికి లెన్సుల గురించి ఏమీ తెలియదనుకుని రాయడమే మంచిది.

ఆ తరువాత సెల్లర్ కేసు బయట నా నంబరుకు మెసేజ్ పెట్టాడు. ముందు కేసు మూసేయండి, సగం డబ్బు వెంటనే వేస్తాను అని. ఒకసారి మూసిన కేసు ఇక్కడ మళ్లీ తెరుచుకోదు. "ఆ ప్రతిపాదనేదో కేసులోనే పెట్టండి" అని కేసులోనే జవాబిచ్చాను. దాంతో అటువైపు మౌనం. గడువు దాటాక సైట్ వాళ్లు కలగజేసుకుని పూర్తి రిఫండ్ ఇప్పించారు, తిరుగు పోస్టు ఖర్చు సెల్లర్ మీద వేశారు. తీర్పు మెసేజ్‌లో వాళ్లు ఎత్తి చూపింది నా ఫోటోలను కాదు, పాత టైటిల్‌ను.

ఈ గెలుపు తరువాత కొంతకాలం తెలిసిన వాళ్లందరికీ "ఇక్కడ కొంటే భయం లేదు, ఆధారం వాళ్లే భద్రంగా ఉంచుతారు" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఇంకో లెన్సులో, వెనక నుంచి టార్చి వేస్తే లోపలి గాజు మీద ఫంగస్ తీగలు కనిపించాయి. లిస్టింగ్ కాపీ తెరిచాను. "గాజు వయసుకు తగ్గట్టు ఉంది, ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాను" అని రాసి ఉంది. వయసుకు తగ్గట్టు అంటే ఏమిటో ఎవరు తేల్చాలి? కేసు పోయింది. సెల్లర్ ఏది స్పష్టంగా రాశాడో దానికే ఆ కాపీ సాక్ష్యం. నీళ్లు నమిలిన వివరణకు అది అతని పక్షానే నిలబడుతుంది. ప్రైవేటు మెసేజ్‌లో ఇచ్చిన హామీలు కూడా అందులో చేరవు. అందుకే ఫంగస్ ఉందా, లోపల కాంతిని తగ్గించే బ్లేడ్ల మీద నూనె ఉందా అన్న ప్రశ్నలు ఇప్పుడు లిస్టింగ్ కింద అందరికీ కనిపించే చోటే అడుగుతున్నాను. కొన్నాళ్లకు ఆ కాపీలోని ఫోటోలు చిన్న సైజుకు మారిపోతాయి, స్కేల్ మీద గీతలు చదవడానికి రావు. కాబట్టి వేలం గెలిచిన రోజే లిస్టింగ్ ఫోటోలు డౌన్‌లోడ్ చేసుకుంటున్నాను. అంటే నేను పొగిడిన పనిలో సగం నేనే చేసుకుంటున్నానన్నమాట.

గడువుల సంగతి ఏ సైట్‌కు ఆ సైట్ వేరు. ఈబేలో మామూలుగా వస్తువు అందిన 30 రోజుల్లోపు చెప్పాలి. పేపాల్‌లో డబ్బు కట్టినప్పటి నుంచి 180 రోజుల వరకు డిస్ప్యూట్ తెరవొచ్చు గానీ, తెరిచిన 20 రోజుల్లో క్లెయిమ్‌గా (పేపాల్ తేల్చాల్సిన ఫిర్యాదుగా) మార్చకపోతే దానంతట అదే మూసుకుపోతుంది. "మాట్లాడుకుందాం, మాట్లాడుకుందాం" అని సాగదీసే సెల్లర్లకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. కార్డు ద్వారా చార్జ్‌బ్యాక్ (బ్యాంకును అడిగి డబ్బు వెనక్కి రప్పించుకోవడం) కూడా ఉంది. కానీ నేను వాడే సైట్‌లో అది మొదలుపెట్టగానే కేసు మూసేస్తారు, అందుకే దాన్ని చివరికి ఉంచుకుంటాను. చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇస్తే తిరిగి మనకూ చెడ్డది ఇస్తారన్న భయం మాత్రం ఇప్పుడు తక్కువ. 2008లో ఈబే కొనేవాళ్లకు సెల్లర్లు నెగటివ్ ఇచ్చే వీలు తీసేసింది, నేను కొనే చోటా అదే పద్ధతి.

ఇక మీరు ఇలాంటి చోట కొనొచ్చా అంటే, అది మీరు కొనే వస్తువును బట్టి ఉంటుంది. నా సరుకు గుప్పెట్లో పడుతుంది, పోస్టు ఖర్చు తక్కువ, తేడాను ఒక ఫోటోలో చూపించగలను. నెలపాటు కేసు నడిచినా నాకు టెన్షన్ లేదు, ఎందుకంటే ఆ లెన్సుతో నాకు అర్జెంటు పనేమీ ఉండదు. సంతకం చేసిన పుస్తకాలు, పెయింటింగులు కొనేవాళ్లకు అసలో నకిలీయో తేల్చే నిపుణుడి కాగితం కావాలి, ఏ కాపీ ఆ పని చేయదు. బరువైన పాత రేడియోల్లాంటివైతే సెల్లర్ రిటర్న్ ఖర్చు పెట్టుకోవడం కంటే కేసు చివరిదాకా లాగడానికే చూస్తాడు. అలాంటివి నేనైతే నేరుగా వెళ్లి చూసి తెచ్చుకునే దూరంలో ఉంటేనే బిడ్ వేస్తాను.