మారతహళ్లిలో సైటు కాగితాలు చూపించా: 15 వేలు ఫీజు, 5కి 3.5 ఇస్తా

బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ప్రాపర్టీ కాగితాలు చూసే లాయర్ ఆఫీసు ఒకటుంది, పేరు రాయట్లేదు ఎందుకంటే కొంచెం తిట్టాలి కూడా. కింద టిఫిన్ సెంటరు, రెండో ఫ్లోర్‌లో వీళ్ళు, లిఫ్ట్ లేదు. ఫీజు 15 వేలు, సగం ముందే కట్టాలి. వారంలో రిపోర్టు అన్నారు, 23 రోజులు పట్టింది.

కథేంటంటే హోస్కోటె దాటాక ఒక థర్టీ ఫార్టీ (30 బై 40 అడుగుల) సైటు చూసుకున్నా, 48 లక్షలు. నా ప్లాన్ ఏంటంటే పంచాయతీ సైటు కొంచెం చీప్‌గా వస్తుంది కదా, కొని పడేసి రెండేళ్ళాగి అమ్మేసి ఆ డబ్బుతో ఫ్లాటుకి డౌన్ పేమెంట్ కట్టేద్దామని. బ్రోకర్ కూడా మన తెలుగాయనే, "ఖాతా గురించి టెన్షన్ పడకండన్నా, గవర్నమెంటే బి ఖాతాలన్నీ ఏ ఖాతా చేసేస్తోంది" అన్నాడు (ఖాతా అంటే ఇక్కడ ప్రాపర్టీ టాక్స్ రికార్డు, ఏ అంటే అప్రూవల్ ఉన్నది, బి అంటే లేనిది), నేను కూడా న్యూస్‌లో చూశా కాబట్టి నమ్మి 50 వేలు టోకెన్ ఇచ్చేశా. కాగితాలు చూపించుకోకుండా టోకెన్ ఇవ్వడం నా తప్పే, ఆ డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.

లాయర్ మాలూరు వైపు మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు, సగం కన్నడ కలుస్తుంది అంతే. కూర్చోగానే "ఆర్టీసీ తెచ్చినారా?" అన్నాడు. నేను "లేదు సార్, బైక్ మీద వచ్చా" అన్నా. పక్కన జూనియర్ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. ఇక్కడ ఆర్టీసీ అంటే పహణి అంట, మన అడంగల్ లాంటిది.

తర్వాత ఒక్కోటీ చెప్పాడు. ఆ ఏ ఖాతా స్కీమ్ గ్రేటర్ బెంగళూరు లిమిట్స్‌లో ఉన్న సైట్లకంట, నా సైటు దాని బయట, పంచాయతీ కింద. బ్రోకర్ చూపించిన కాగితం ఫారం 11బి. 9, 11ఏ ఫారాలు ఉంటే లెక్క వేరు, 11బి అంటే లేఅవుట్‌కి అప్రూవల్ లేదని పంచాయతీవాళ్ళే రాసిచ్చినట్టు. "నువ్వు క్యాష్ పెట్టి కొంటావు సరే, రేపు నీ దగ్గర కొనేవాడికి లోన్ ఏ బ్యాంకు ఇస్తుంది?" అన్నాడు. నా ప్లానంతా రెండేళ్ళలో అమ్మడం మీదే కదా, అక్కడే సగం గాలి పోయింది. దానికితోడు 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2కి పెంచారు, స్టాంప్ డ్యూటీ, సెస్, సర్‌ఛార్జ్ అన్నీ కలిపితే ఏడున్నర శాతం పైనే. 48 లక్షల మీద మూడున్నర లక్షలు దాటి రిజిస్ట్రార్ ఆఫీసులోనే పోతాయి, అంటే రేటు అంత పెరిగేదాకా నేను లాస్‌లోనే ఉన్నట్టు.

ఇదంతా యూట్యూబ్‌లో కూడా దొరుకుతుంది అనుకోండి. 15 వేలు దేనికి గిట్టుబాటైందంటే ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) 2004 నుంచే వస్తుంది, వీళ్ళు అంతకు ముందువి ఆఫీసుకెళ్ళి తీయించారు, పాత పహణీలు, మ్యుటేషన్ కాగితాలు కూడా. మసకబారిన జిరాక్స్, పాత శానుభోగుడి (మన కరణం లాంటాయన) గొలుసుకట్టు రాత. కన్నడ అక్షరాలు మనవాటిలాగే ఉంటాయని కూడబలుక్కుని చదవబోయా, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన ఒక మాట కింద పెన్సిల్ పెట్టాడు. "మంజూరు". అది మాత్రం చదవగలిగా. ఆ భూమి ఎప్పుడో గవర్నమెంటు ఎస్సీ కుటుంబానికి ఇచ్చింది, తర్వాత పర్మిషన్ లేకుండా చేతులు మారింది. ఇలాంటి అమ్మకాలు చెల్లవని 1978లోనే చట్టం ఉంది, పీటీసీఎల్ అంటారు. వెనక్కి అడగడానికి గడువు ఏమీ లేదని 2023లో సవరణ కూడా చేశారు. అంటే నేను ఇల్లు కట్టుకున్నాక కూడా వాళ్ళు కేసు వేయొచ్చు, న్యాయంగా చూస్తే అది వాళ్ళ భూమే.

రాత్రి నెల్లూరుకి ఫోన్ చేసి ఇదంతా అరగంట చెప్పా, నాన్న మొత్తం విని "డీకేటీ పట్టా భూమా అబ్బయా? వద్దులే" అన్నాడు. డీకేటీ అంటే మన దగ్గర గవర్నమెంటు పేదలకిచ్చే భూమి. నేను 23 రోజుల్లో తెలుసుకున్నది ఆయనకి ఒక్క మాటలో అర్థమైపోయింది.

ఇక తిట్లు. ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో బ్లూ టిక్ పడుతుంది, రిప్లై ఉండదు. పాత ఈసీ కోసం "ఆఫీసు ఖర్చులు" అని ఇంకో 3 వేలు తీసుకున్నారు, రసీదు అడిగితే జూనియర్ సీలింగ్ వైపు చూసింది. రిపోర్టు 14 పేజీలు, అందులో 11 ఎవరికైనా ఇచ్చే కాపీ పేస్టే. అసలు విషయం 12వ పేజీలో నాలుగు లైన్లు, అదీ లాయర్ ఇంగ్లీషులో. నోటితో చెప్పకపోయుంటే నాకు అర్థమయ్యేది కాదు, కాబట్టి రిపోర్టు మెయిల్‌లో పంపుతాం అంటే ఒప్పుకోకండి, వెళ్ళి ఎదురుగా కూర్చోండి.

ఇప్పుడు సైటు ఆలోచన పక్కనపెట్టి కాడుగోడి దగ్గర పాత టూ బీహెచ్‌కే చూస్తున్నా, ఏ ఖాతా ఉంది, రెంట్ వస్తూ ఉంటుంది, అమ్మే తొందర లేదు. దీని కాగితాలు కూడా ఈ లాయర్ వాళ్ళకే ఇస్తా, తిట్టుకుంటూనే. ఓనర్‌ని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగ్ ప్లాన్ ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని ఇచ్చేది) కాపీ మూడుసార్లు అడిగా, "ఉంది సార్, వెతికి పంపిస్తా" అంటున్నాడు. అది చేతికొచ్చేదాకా ఈసారి టోకెన్ రూపాయి కూడా ఇవ్వను.