టస్కనీలో రైతు ఇంట బస: ఎవరికి నప్పుతుంది, ఎవరికి నప్పదు

ఫ్లారెన్స్‌లో రాళ్లు పరిచిన వీధులు మా అత్తగారి మోకాళ్లకి చుక్కలు చూపించాయి. అందుకే ఆ తర్వాతి మజిలీకి నగరం వద్దనుకుని, దక్షిణ టస్కనీలోని వాల్ దోర్చా లోయలో, పియెంజా ఊరికి దగ్గర్లో ఒక అగ్రితురిస్మో, అంటే రైతు ఇంట బస, తీసుకున్నాం. ఇది పల్లె వేషం వేసుకున్న రిసార్టు కాదు. ఇటలీలో 1985లో వచ్చి, 2006లో మళ్లీ రాసిన చట్టం ప్రకారం వ్యవసాయమే అసలు పనిగా ఉన్నవాళ్లే ఇలా అతిథుల్ని ఉంచుకోవాలి. మేం దిగినచోట ఆలివ్ తోట, గోధుమ చేలు, గొర్రెల మంద ఉన్నాయి. మాకిచ్చింది పాత రాతి ఇల్లు: రెండు పడగ్గదులు, వంటిల్లు, ముందు ద్రాక్ష పందిరి. ఫ్లారెన్స్‌లో రెండు ఇరుకు గదులకి పెట్టిన దానికంటే తక్కువే అయింది.

కారు లేకపోతే మాత్రం ఇక్కడికి రావద్దు. బస్సులు అరకొర, రైలు స్టేషన్ దూరం, పాల ప్యాకెట్ కావాలన్నా ఊళ్లోకి వెళ్లాలి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోనే తీసుకుని బయల్దేరాలి. గేర్లు లేని కారు కావాలంటే ముందే బుక్ చేయండి, అక్కడ గేర్లవే ఎక్కువ. కారిచ్చిన కంపెనీ వాళ్లు కౌంటర్ దగ్గర అదనపు ఇన్సూరెన్స్ అంటగట్టాలని అరగంట తినేశారు. పైగా నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలన్నారు. నా కార్డు పనికిరాలేదు, మా ఆయనది పనికొచ్చింది. పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ (ZTL) అని, అంటే అనుమతి లేని కార్లు రాకూడదని, బోర్డు కనిపిస్తే కారుని లోపలికి పోనివ్వకండి. కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది.

ఇక తిండి. రాత్రి భోజనానికి ఎవరెవరు వస్తారో పొద్దున్నే చెప్పాలి, ఇంటావిడ అంతే వండుతుంది. పీచీ అని చేత్తో తాలికల్లా చేసిన లావుపాటి పాస్తా ఉంటుంది. సాధారణంగా పిండీ నీళ్లే, గుడ్డు వేయరు. దాన్ని అల్యోనె అనే పెద్ద వెల్లుల్లి, టమాటాలతో చేసిన సాస్‌లో కలిపిస్తే పిల్లలు మారు అడిగారు. శాకాహారులు ‘రగూ’ అంటే మాంసమని గుర్తుంచుకోవాలి. పియెంజా పేరుమోసింది పెకొరీనో అనే గొర్రెపాల చీజ్‌కి. అందులో పాలు విరగడానికి సాధారణంగా జంతువుల రెన్నెట్ (పాలు తాగే పిల్లజంతువుల కడుపులోంచి తీసేది) వాడతారు కాబట్టి పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తినండి. టస్కనీ రొట్టెలో ఉప్పుండదు. అత్తగారు ఒక ముక్క నమిలి, “మర్చిపోయినట్టున్నారు పాపం” అని సంచిలోంచి ఆవకాయ తీశారు. నిజం చెప్పాలంటే ఆ రొట్టెకి అంతకు మించిన జోడీ లేదు. ఎనిమిదింటిదాకా భోజనం పెట్టరు, అత్తగారికేమో ఏడింటికల్లా తినాలి. మధ్యాహ్నమే మా వంటింట్లో అన్నం వండి పెట్టేసేదాన్ని. ఆ వంటిల్లు లేకపోతే ఈ ప్రయాణం గట్టెక్కేది కాదు.

చుట్టుపక్కల చూడాల్సినవన్నీ కారులో దగ్గరే. పియెంజా చిన్న ఊరు. ఇక్కడ పుట్టిన పోప్ రెండో పియస్ 1459లో మొదలుపెట్టి దీన్ని తన కలల పట్నంగా కట్టించుకున్నాడు. పూటలో తిరిగేయొచ్చు. నాకైతే బాన్యో వీన్యోనీ ఎక్కువ నచ్చింది. ఊరి నడుమ చౌకు ఉండాల్సిన చోట వేడినీటి కోనేరు ఉంటుంది. అందులో దిగనివ్వరు గానీ, ఆ నీళ్లు పాత మిల్లుల పక్కనుంచి రాతి కాలువల్లో పారే చోట కాళ్లు పెట్టుకోవచ్చు, టికెట్ లేదు. అత్తగారు అక్కణ్ణించి లేవనే లేదు.

లోట్లూ ఉన్నాయి. ఇంట్లో ఏసీ లేదు, రాత్రుళ్లు చల్లబడుతుంది కాబట్టి నెట్టుకొచ్చాం. కిటికీలకి తెరల్లేక దోమలు తిన్నాయి. మెయిన్ రోడ్డు నుంచి ఇంటికి కంకర బాట, కారంతా తెల్ల దుమ్ము. వైఫై వంటింటి గడప దాటి రాదు. అయినా ఒక్క రాత్రికోసం ఇంత దూరం రావడం దండగ. కనీసం మూడు రాత్రులైనా ఉండేలా చూసుకోండి, వేసవిలో కొన్నిచోట్ల వారం తక్కువైతే ఇవ్వరు కూడా. పచ్చటి కొండలు కావాలంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. జూన్ చివరికి చేలన్నీ పండిపోతాయి, ఆగస్టుకి మిగిలేది దున్నిన మట్టే.