అణు సబ్‌మెరైన్ ఉన్న గేమ్ ఐడీ (ఖాతా) కొనేముందు ఇది చదవండి

మాది నల్లగొండ. మా ఊళ్లో సముద్రమంటే పానగల్ దగ్గరి ఉదయ సముద్రం, అదీ చెరువే. అలాంటి చోట కూర్చుని అణు సబ్‌మెరైన్ కొనబోయి 6,500 రూపాయలు పోగొట్టుకున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఫోన్‌లో ఆడే నౌకాయుద్ధాల గేమ్ అది. పేరు రాయను, తప్పు గేమ్‌ది కాదు. అందులో అణు సబ్‌మెరైన్ దాకా రావాలంటే నెలల తరబడి ఆడాలి, లేదంటే డబ్బు పెట్టాలి. ఓ చాట్ గ్రూపులో ఒకతను "అన్నా, ఫుల్ అప్‌గ్రేడ్ సబ్ ఉన్న ఐడీ, అర్జెంటుగా ఇచ్చేస్తున్నా" అని వీడియో పెట్టాడు. రెండున్నర నిమిషాల వీడియో. సబ్ ఫుల్ స్పీడులో దూసుకెళ్తుంది, టక్ టక్‌మని సోనార్ పింగ్‌లు (నీళ్లలోకి శబ్దం వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో ఎదుటివాళ్లను పట్టేవి) కొడుతుంది, ఎదురుగా నిలబడి ఆరు నౌకలను ముంచేస్తుంది. చూస్తుంటే ఒళ్లు పులకరించింది. 500 అడ్వాన్స్, మర్నాడు మిగతా 6,000 యూపీఐలో కొట్టాను.

సబ్‌మెరైన్ ఎలా ఆడాలో అప్పటికి నాకు కొంచెమైనా తెలిసి ఉంటే ఆ వీడియో చూడగానే దొంగతనం పట్టేసేవాణ్ని. అందుకే ఈ భాగం కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ఐడీ చేతికొచ్చాక వీడియోలో చూసినట్టే ఆడాను. మొదటి మ్యాచ్‌లో ఒకటిన్నర నిమిషంలో మునిగాను (మునిగేదే కదా సబ్‌మెరైన్ అని మా తమ్ముడు నవ్వాడు). మూడు రోజులు ఇదే వరస. చివరికి మా టీమ్‌లో ఆడే సూర్యాపేట అన్న ఒకాయన వాయిస్ చాట్‌లో తిట్టి మరీ నేర్పాడు. సబ్‌మెరైన్‌కు బలం టార్పెడోల్లో లేదు, చప్పుడు చేయకపోవడంలో ఉంది. వేగం పెంచితే ప్రొపెల్లర్ చుట్టూ బుడగలు పుట్టి పగులుతాయి, ఆ చప్పుడు దూరం దాకా వినిపిస్తుంది. లోతుకు వెళితే నీటి ఒత్తిడికి బుడగలు తగ్గుతాయి. కాబట్టి ముందు దిగాలి, తర్వాతే కదలాలి, అదీ పావు స్పీడులో. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. పింగ్ కొట్టడమంటే చీకట్లో టార్చి వేసి మన మొహం మనమే చూపించుకోవడం. ఊరికే వింటూ ఉండాలి. పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు కలిసే పొర దగ్గర శబ్దం వంగిపోతుంది, ఆ పొర కింద నక్కితే పై నౌకలకు మనం దొరకడం కష్టం. వేటకు వెళ్లేది వెనక నుంచి, ఎందుకంటే నౌకకు తన ప్రొపెల్లర్ రొదలో వెనక ఏముందో సరిగా వినపడదు. టార్పెడో వదిలాక అక్కడే ఉండకూడదు, అది వచ్చిన దిక్కుకే అందరూ తిరుగుతారు.

ఇంకో భ్రమ కూడా ఉండేది నాకు. అణు అంటే ఎవరికీ వినపడదనుకున్నాను. ఆ రియాక్టర్ వల్ల డీజిల్ సబ్‌లా బ్యాటరీ ఛార్జింగ్ కోసం పైకి రానక్కర్లేదు, అది లాభమే, కానీ వినపడకుండా పోదు. రియాక్టర్ పంపుల చప్పుడు ఉంటుంది, బ్యాటరీ మీద నడిచే డీజిల్ సబ్ ఒక్కోసారి దానికంటే నిశ్శబ్దం. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన ఐఎన్‌ఎస్ కుర్సురా చూశారు కదా, అది డీజిల్ జాతే.

ఇప్పుడు వీడియో సంగతికి రండి. ఫుల్ స్పీడు, ఆపకుండా పింగ్‌లు, ఎదురుగా దాడి. అయినా ఒక్క నౌకా తిరిగి కొట్టలేదు, ఒక్క హెలికాప్టరూ పైన ఆగి సోనార్ దించలేదు. ఎందుకంటే అవన్నీ కంప్యూటర్ నడిపే బాట్‌లు, ప్రాక్టీస్ మ్యాచ్. అసలు ఆటగాళ్ల మీద అలా ఆడితే ఏమవుతుందో నాకు మూడు రోజుల్లో తెలిసింది.

నేర్చుకున్నాక వారం రోజులు బాగా ఆడాను, ఆ మాట దాచను. పదకొండో రోజు రాత్రి 'పాస్‌వర్డ్ తప్పు' అని వచ్చింది. పాస్‌వర్డ్ నేను మార్చుకున్నాను గానీ ఐడీకి మొదట బైండ్ చేసిన (జోడించిన) మెయిల్ అతని చేతిలోనే ఉంది. దాంతో రికవర్ కొట్టేశాడు. గేమ్ వాళ్లకు రాస్తే, ఐడీలు అమ్మడం కొనడం రూల్స్‌కు విరుద్ధమని రెండు ముక్కల్లో తేల్చేశారు. అతను నన్ను బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, కానీ పదకొండు రోజుల తర్వాత. డబ్బు కొట్టిన మొదటి గంటల్లో చేస్తే ఆ ఖాతాలో ఆపించే అవకాశం ఎక్కువట. నాకు ఇంతవరకు ఏమీ రాలేదు.

ఎవరైనా ఐడీ అమ్ముతామంటే మాత్రం 'మొదటి మెయిల్ కూడా ఇస్తావా' అని అడిగి చూడండి. నేను అడిగినప్పుడు "అది పర్సనల్ మెయిల్ అన్నా" అన్నాడు, నేను తలూపాను. ఆ మెయిల్ ఇచ్చినా కొనమని చెప్పను, ఆ ఐడీలో కొన్నవాటి పాత బిల్లులు గేమ్ వాళ్లకు చూపించి వెనక్కి తీసుకునేవాళ్లూ ఉన్నారు.

నిన్న ఇంకో గ్రూపులో అదే ఐడీ మళ్లీ కనిపించింది. ధర 5,500కు దించాడు. వీడియో మాత్రం అదే, ఆరు నౌకలు, రెండున్నర నిమిషాలు.