ఫ్లోర్ లెవెల్ సర్వేలో లేజర్ స్కానర్: చాలాకాలం వాడాక సమీక్ష

ఆఫీసులు, మాల్స్, గోదాముల్లో ఫ్లోర్ ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ గుంట పడింది అన్నది చూపించడంలో ట్రైపాడ్ లేజర్ స్కానర్‌కి (మూడుకాళ్ల స్టాండు మీద తిరుగుతూ లేజర్ కిరణంతో చుట్టూ లెక్కలేనన్ని పాయింట్లు కొలిచే యంత్రం) సాటి లేదు. అయితే తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు దాన్నొక్కదాన్నే నమ్మితే దెబ్బతింటారు.

కొనేముందు చాలామంది దూరం కొలతలో నాయిస్ (రీడింగ్ రీడింగ్‌కీ వచ్చే చిన్న తేడా) ఎంతని అడుగుతారు. ఈ పనిలో అసలు శత్రువు కోణం. స్కానర్ 1.7 మీటర్ల ఎత్తులో ఉంటే 10 మీటర్ల అవతల కిరణం సుమారు 10 డిగ్రీల వాలుతోనే నేలను తాకుతుంది. అప్పుడు దూరంలో తప్పు ఆరోవంతే ఎత్తులోకి వస్తుంది, కోణంలో తప్పు దాదాపు మొత్తం వస్తుంది. 10 ఆర్క్ సెకన్ల (ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) తేడా 10 మీటర్ల దగ్గర అర మిల్లీమీటరు, 20 మీటర్ల దగ్గర ఒక మిల్లీమీటరు. అందుకని డ్యూయల్ యాక్సిస్ కాంపెన్సేటర్ (యంత్రం రెండు దిశల్లో ఎంత వాలిందో కొలిచి సరిచేసే భాగం) లేని యంత్రం వద్దు. ప్రతి స్టేషన్ (స్కానర్ నిలబెట్టిన చోటు) నుంచి 10 మీటర్ల లోపు పాయింట్లే ఉంచి మిగతావి తీసేయాలి. ట్రైపాడ్ కింద మిగిలే ఖాళీని పక్క స్టేషన్ పూడ్చాలి కాబట్టి స్టేషన్ల మధ్య 8 మీటర్లు దాటనివ్వకండి.

ఎక్కువ పనులు చెడేది రిజిస్ట్రేషన్‌లో, అంటే వేర్వేరు స్టేషన్ల స్కాన్‌లను ఒకటిగా కలపడంలో. పాయింట్ క్లౌడ్‌లను (ఒక్కో స్కాన్‌లో వచ్చిన పాయింట్ల గుంపులను) ఒకదానితో ఒకటి అతికిస్తూ పోతే పొడవాటి హాల్లో చిన్న చిన్న వాలులు పోగై, లేని వంపు కనిపిస్తుంది. స్టేషన్ల వాలును సాఫ్ట్‌వేర్ మార్చకుండా లాక్ చేయండి. స్తంభాల మీది టార్గెట్లకు (స్కాన్‌లో గుర్తుపట్టేందుకు అతికించే గుర్తులకు) డిజిటల్ లెవెల్‌తో (ఎత్తు తేడాలు కొలిచే సర్వే పరికరం) ఎత్తులు ఇవ్వండి. సర్దుబాటులో వాడని కొన్ని పాయింట్లను నేల మీద విడిగా కొలిచి పోల్చండి. తేడా 2 మి.మీ. దాటితే ఆ భాగం మళ్లీ స్కాన్ చేయడమే.

స్కాన్‌కి ముందు ఊడ్చి, తడి తుడిచి తీరాలి. పాలిష్ చేసిన ఫ్లోర్, నిలిచిన నీరు కిరణాన్ని అద్దంలా పంపేస్తాయి, నేల కింద దొంగ పాయింట్లు పుడతాయి. ఫ్లోర్‌ని గళ్లుగా విభజించి గడికి ఒక ఎత్తు తీసేటప్పుడు మీడియన్ (వరుసలో పెడితే మధ్యలో వచ్చే విలువ) తీసుకోండి. కనిష్ఠం తీసుకుంటే ఆ దొంగ పాయింటే దొరుకుతుంది.

ఎఫ్ఎఫ్ (ఫ్లోర్ ఎంత చదునుగా ఉందో), ఎఫ్ఎల్ (ఎంత సమమట్టంగా ఉందో) చెప్పే అంకెల మీద (ఎక్కువైతే మేలు) బిల్లు ఆధారపడి ఉంటే ఇంకా జాగ్రత్త. ఈ అంకెలు తీసే ప్రామాణిక పద్ధతి ఏఎస్‌టీఎం ఈ1155లో 300 మి.మీ.కి ఒక రీడింగ్, వరుసగా మూడింటి నుంచి వంపు. ఒక్కో రీడింగ్‌లో 0.3 మి.మీ. నాయిస్ ఉంటే చాలు, ఏ లోపమూ లేని ఫ్లోర్ కూడా ఎఫ్ఎఫ్ 50 దగ్గర ఆగిపోతుంది. స్మూతింగ్ చేస్తే (రీడింగ్‌ల హెచ్చుతగ్గులను సాఫ్ట్‌వేర్‌తో నునుపు చేస్తే) అంకె పెరుగుతుంది, కానీ అది ఫ్లోర్ అంకె కాదు. ఇలాంటి చోట నడిపించి కొలిచే డిప్‌స్టిక్ లాంటి పరికరమే న్యాయం. పైఅంతస్తు స్లాబుకి ఎఫ్ఎల్ అయితే సెంట్రింగ్ ఊడదీయకముందే కొలవాలి. తర్వాత స్లాబు కిందికి వంగుతుంది, ఆ అంకెకి అర్థం ఉండదు.

స్కానర్ పెట్టుబడి తిరిగొచ్చేది సెల్ఫ్ లెవలింగ్ (పోస్తే తనంతట తానే సమంగా పరుచుకునే మిశ్రమం) లెక్కలో. చదరపు మీటరుకి 1 మి.మీ. మందం అంటే 1 లీటరు. 400 చదరపు మీటర్లకి సగటున 5 మి.మీ. పోయాలంటే 2,000 లీటర్లు. హీట్ మ్యాప్‌లో (ఎత్తులను రంగుల్లో చూపే పటంలో) ఎత్తైన ఉబ్బు ఒక్కచోటే ఉందని తేలితే, దాన్ని గ్రైండ్ చేసి, పోయాల్సిన మొత్తం లెవెల్ 3 మి.మీ. దించవచ్చు: సుమారు 1,200 లీటర్ల మిగులు. ఇది పాత 3 మీటర్ల పట్టీతో ఎప్పటికీ దొరకని సమాచారం.