అద్దాల బీరువానా, చెక్క తలుపుల బీరువానా?

ముందుగదిలో పెట్టే బీరువాకు ఏ తలుపులు మేలన్నది, అందులో ఏమి దాచబోతున్నామో చూసుకొని తేల్చుకోవలసిన విషయం. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి అంబారీ ఏనుగును, లక్క మెరుపు తగ్గని ఏటికొప్పాక బొమ్మలను చెక్క తలుపుల వెనుక పెడితే, సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే వరకు వాటి ముఖం చూసేవారుండరు. అద్దం వెనుకనైతే అంతగా దుమ్ము పట్టకుండానే రోజూ కంటికి కనబడతాయి. వెలుతురు లోపలి దాకా పోవడం వల్ల ఇరుకు గది కూడా కొంత విశాలంగా తోస్తుంది.

అయితే ఆ వెలుతురే రంగులను తినేస్తుంది. మా ఇంట్లో పడమటి కిటికీకి ఎదురుగా అద్దాల బీరువాలో ఉంచిన ఏటికొప్పాక కుంకుమ భరిణె ఎండ తగిలిన వైపు వెలిసిపోయింది, గోడ వైపు మాత్రం కొన్ననాటి ఎరుపే నిలిచింది. రంగులను వెలిసిపోజేసే, ఎండలోని అతినీలలోహిత కిరణాలను మామూలు అద్దం పూర్తిగా ఆపలేదు. అందుకే పట్టుచీరలకు, దస్తావేజులకు చెక్క తలుపులే తగినవి, వానాకాలంలో అవి తేమకు ఉబ్బి బిగుసుకున్నా సరే.

పిల్లలున్న ఇంట అద్దమే కావాలనుకుంటే టఫెన్డ్ గ్లాసు, అంటే గట్టిపరచిన అద్దం, వేయించాలి. అది పగిలినా పదునైన పెంకులుగా కాక చిన్న మొద్దు ముక్కలుగా రాలుతుంది; తయారయ్యాక కోయడానికి వీలుండదు కనుక వడ్రంగి చేత కొలతలు ముందే సరిచూపించుకోవాలి. నా మటుకు నేను పైన రెండు అరలకు అద్దం, కింద చెక్క ఎంచుకుంటాను.