ఎయిర్ రైఫిల్‌కి కొత్త స్కోప్: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

ముందు ఆ రింగు సంగతి చెప్పేస్తాను. ఈ స్కోప్‌లో, అంటే గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే దుర్భిణిలో, నాకు నిజంగా నచ్చింది అదొక్కటే అన్నా పెద్ద తప్పేం లేదు. స్కోప్ గొట్టం ముందు చివర, పెద్ద అద్దం చుట్టూ తిరిగే రింగు ఉంటుంది. దాని మీద 10, 15, 25, 50 అని గజాల అంకెలు. గురి ఎంత దూరంలో ఉంటే ఆ అంకెకి తిప్పితే బొమ్మ స్పష్టంగా వస్తుంది. నూజివీడు దగ్గర మా బావ వాళ్ల మామిడితోటలో, పాత పంపుషెడ్డు గోడకి ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు కార్డు పెట్టి, రింగు 10కి తిప్పి చూశాను. పది మీటర్ల కార్డులో నల్లటి వృత్తం మధ్యలో పది పాయింట్ల తెల్ల చుక్క ఉంటుంది కదా, అర మిల్లీమీటరు. పెల్లెట్టే నాలుగున్నర మిల్లీమీటర్లు, చుక్క అందులో తొమ్మిదో వంతు. ఇన్నేళ్లుగా ఆ చుక్క అక్కడ ఉందని నమ్మి కాల్చడమే తప్ప చూసింది లేదు. ఆ సాయంత్రం చూశాను. "ఏంట్రా, కాల్చకుండా అలా చూస్తూ కూర్చున్నావు?" అన్నాడు బావ.

రైఫిల్‌తో పాటు ఉచితంగా వచ్చిన పాత 4×32 (నాలుగు రెట్లు పెద్దగా చూపించే, 32 మిల్లీమీటర్ల అద్దం ఉన్న) స్కోప్‌కి ఆ రింగు లేదు. దూరంగా ఉన్న గురికి కుదిర్చి కంపెనీలోనే బిగించేశారు. పది మీటర్లలో కార్డు మంచులో ఉన్నట్టు కనపడేది. మసకగా ఉంటే సర్దుకుపోవచ్చు. అసలు బాధ వేరు. రైఫిల్‌ని బస్తాల మీద కదలకుండా పెట్టి, చెయ్యి తగలకుండా తల మాత్రం కాస్త అటూ ఇటూ జరిపి చూడండి. స్కోప్‌లో గురి పెట్టడానికి ఉండే అడ్డం, నిలువు గీతలు కార్డు మీద నడుస్తాయి. అంటే చెంప ఒక్కోసారి ఒక్కోచోట ఆనితే గుండు కూడా ఒక్కోచోటికి పోతుంది. అది నా చేతి వణుకని రెండేళ్లు అనుకున్నాను. కొత్తదానిలో రింగు సరిగా తిప్పి ఇదే చేస్తే గీతలు చుక్కని అంటిపెట్టుకుని ఉంటాయి.

ఆ పాతది పోయింది కూడా మసక వల్ల కాదు. మనవి స్ప్రింగ్ రైఫిళ్లు. పిస్టన్ ముందుకి దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర గాలిమెత్తకి కొట్టుకున్నాక ముందుకి తంతుంది. మామూలు తుపాకీల స్కోపులు ఒకవైపు దెబ్బకి తయారైనవి, ఈ రెండోవైపు దెబ్బ తట్టుకోలేవు. ఒకరోజు చూస్తే ప్లస్ గుర్తు కాస్తా గుణకారం గుర్తువైపు వాలింది. అందుకే ఈసారి ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే కొన్నాను. 4–12×40, అంటే నాలుగు నుంచి పన్నెండు రెట్ల దాకా పెంచుకోగలిగేది, తొమ్మిదిన్నర వేలు.

తీసుకున్న నెలలో దీన్ని నలుగురికీ తెగ పొగిడాను. ఆ పొగడ్తలో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. పన్నెండు రెట్లు అన్నది చూడ్డానికే. కాల్చేటప్పుడు ఆ పెంపులో నా గుండె చప్పుడు కూడా గీతల మీద కనపడి టెన్షన్ పెడుతుంది. ఎక్కువగా ఆరు దగ్గరే ఉంచుతున్నాను. రింగు మీది అంకెల్నీ నమ్మకండి. 25 దగ్గర పెడితే నా కంటికి స్పష్టంగా వచ్చేది ఇరవైరెండు గజాలే. తెల్ల కాగితం ముక్క అంటించి నా గుర్తులు నేనే పెట్టుకున్నాను. కొత్తవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. గీతలు మసకగా ఉంటే ముందు చివరనున్న రింగు తిప్పుతారు. గీతలకి కంటి దగ్గరుండే రింగు వేరే ఉంది. తెల్లగోడ వైపు చూస్తూ ముందు దాన్ని సరిచేసుకోవాలి, అదీ రెండేసి క్షణాలే చూడాలి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుని మనల్ని మోసం చేస్తుంది.

ఇక అసలు గొడవ. ఎనిమిదో నెలలో మొదలైంది. శనివారం పది గుండ్లు రూపాయి బిళ్లంత చోట పడితే, ఆదివారం పొద్దున అదే గుంపు మూడు సెంటీమీటర్లు పక్కకి, కిందకి. గురిని జరపడానికి స్కోప్ మీదుండే నాబుని నాలుగు క్లిక్కులు తిప్పి సరిచేస్తే ఏమీ కదలదు. ఇంకో నాలుగు తిప్పితే ఒక్కసారిగా మొత్తం దూకుతుంది. పెల్లెట్లు మార్చాను. నూజివీడు ఎండ అన్నాను. గట్టిగా పట్టుకుంటున్నానేమో అనుకున్నాను, స్ప్రింగ్ రైఫిల్‌ని అరచేతిలో వదులుగా ఆనించాలే తప్ప బిగించి పట్టుకోకూడదు కదా. స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంటు స్క్రూలు బిగించాను. చివరికి స్కోపే పోయిందని దుకాణానికి పంపాను. మూడు వారాలు అట్టిపెట్టుకుని, ఏ లోపమూ లేదని చీటీ రాసి తిప్పి పంపారు. ఆ చీటీ చదివి ఎంత తిట్టుకున్నానో ఇప్పుడు చెప్పడం బాగుండదు, ఎందుకంటే వాళ్లు రాసింది నిజం.

హైదరాబాద్ వెళ్లినప్పుడు, చిన్నప్పటి నుంచీ రైఫిళ్లతోనే బతికిన ఒక పెద్దాయనకి చూపించాను. ఆయన స్కోప్‌లోంచి చూడనే లేదు. "బాబూ, ఆ పైనాబు ఇంకా పైకి ఎన్ని క్లిక్కులు తిరుగుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టావా?" అని అడిగారు. లెక్కపెడితే ఆరు. అంటే దాదాపు చివరికంటా తిప్పేసి ఉంది.

కారణం స్కోప్‌లో లేదు. తుపాకీ గొట్టం విరిచి గుండు పెట్టే రైఫిళ్లలో చాలావాటికి ఆ గొట్టం కొద్దిగా కిందకి వాలి ఉంటుంది. గుండు కింద పడుతుంది కాబట్టి మనం క్లిక్కులు పైకి, పైకి తిప్పుకుంటూ పోతాం. స్కోప్ లోపలి చిన్న గొట్టాన్ని ఆ నాబు మీదికి నొక్కి ఉంచేది ఒక స్ప్రింగు. నాబు పై చివరికి వచ్చేసరికి ఆ స్ప్రింగు సాగి బలం తగ్గిపోతుంది. ఇక ప్రతి తన్నుకీ లోపలి గొట్టం తనకి నచ్చినచోట కూర్చుంటుంది. పది మీటర్లలో ఒక క్లిక్కు కదిపేది ముప్పావు మిల్లీమీటరే, ఇరవైఐదులో రెండు మిల్లీమీటర్ల లోపే. దగ్గర దూరాల్లో జీరో చేసేవాళ్లు, అంటే గురి పెట్టినచోటే గుండు పడేలా కుదుర్చుకునేవాళ్లు, ఎన్ని క్లిక్కులు తిప్పేస్తున్నారో గమనించరు.

మందు ఏమిటంటే, వాలు ముందే సరిచేసిన మౌంటు కొనాలి, లేదా స్కోప్‌ని పట్టుకునే మౌంటు రింగుల్లో వెనకదాని కింద సన్నటి పొర పెట్టాలి. పెద్దాయన పాతకాలం కెమెరా ఫిల్మ్ ముక్క పెట్టమన్నారు. ఇంట్లో ఫిల్మ్ ఎక్కడుంది? మా పెళ్లి నెగెటివ్‌లలో. అడక్కుండా ఒక స్ట్రిప్ కత్తిరించాను. అందులో మా చిన్నత్తగారి భోజనాల ఫొటో ఉందని తర్వాత తెలిసింది, ఆ గొడవ ఇక్కడ అనవసరం. రెండు పొరలు వేసి మళ్లీ జీరో చేస్తే పై చివర నుంచి నలభై క్లిక్కుల దాకా వెనక్కి వచ్చాను. ఆరు నెలలైంది, గుంపు జరగలేదు. రెండు పొరల మీద ఆగిపోయాను. ఇంకా వేస్తే మౌంటు రింగుల మధ్య స్కోప్ గొట్టం వంగుతుంది. స్కోప్ వెనక్కి జారకుండా రైఫిల్ మీది పట్టాలోని గుంటలో దిగే పిన్ను ఉన్న మౌంటు కూడా తర్వాత తీసుకున్నాను. ఆ రెండువేల రెండువందలు స్కోప్ కంటే ముందు పెట్టి ఉండాల్సింది.

కొనమంటానా అంటే మీరు ఏం కాలుస్తారో చెప్పాలి. నాది 0.177 అంగుళాల గుండు రైఫిల్, గుండు శక్తి 20 జౌళ్ల లోపే కాబట్టి లైసెన్సు గొడవ లేదు. కళ్లద్దాలు మైనస్ రెండున్నర, వయసు నలభై ఆరు. కాల్చేది కార్డులే, అదీ పది, ఇరవైఐదు మీటర్లలో. ఇరవైఐదులో జీరో చేసి పదికి వస్తే ఒక సెంటీమీటరు కింద పడుతుంది, అలవాటైపోయింది. మీ పిల్లల్ని పోటీలకి పంపే ఆలోచన ఉంటే మాత్రం ఈ డబ్బు దాచుకోండి. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన పది మీటర్ల పోటీలో స్కోపుకి చోటే లేదు, చిన్న రంధ్రం ఉన్న పీప్ సైటుతోనే కాల్చాలి. చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్లకి ముందు రింగు అందక ప్రతిసారీ భుజం మీంచి రైఫిల్ దించాల్సి వస్తుంది, ఆ రింగు పని చేసే నాబు పక్కన ఉన్న రకం చూసుకోండి, కాస్త ఖరీదు. బరువు కూడా ఉంది. నేను బస్తాల మీద పెట్టి కాలుస్తాను కాబట్టి సరిపోయింది, నిలబడి కాల్చేవాళ్లు తిట్టుకుంటారు.

పాత 4×32ని పారేయలేదు. గీతలు వాలిపోయినా, తోటలోకి కోతులు ఎటువైపు నుంచి దిగుతున్నాయో చూడటానికి బావకి బాగానే పనికొస్తోంది.