కార్ సీటంటే ఏడ్చే పసిబిడ్డ: ఏది మార్చాలి, ఏది మార్చకూడదు?

మా విశాఖపట్నంలో మధురవాడ నుంచి గాజువాక వెళ్ళాలంటే హనుమంతవాక, మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం, ఎన్ఏడీ కూడలి అన్నీ దాటుకుని పోవాలి. ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి. పిల్లల కార్ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టిన దగ్గర్నుంచీ మూడు నాలుగు నెలల పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ దారి ఎంత పొడుగో తల్లిదండ్రులకే తెలుస్తుంది. "ఒళ్ళో వేసుకుంటే పోయేదానికి, పసిగుడ్డుని ఆ కుర్చీలో కట్టేయడం ఏమిటమ్మా?" అని పక్కనున్న పెద్దావిడ అంటుంది. ఆవిడది ప్రేమే. మా ఇంట్లోనూ ఈ మాట నడిచింది. చాలా ఇళ్ళలో కార్ సీటు అటకెక్కేది ఈ మాట దగ్గరే, అందుకే ముందు దీన్నే తేల్చుకుందాం.

ఒడా, సీటా?

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. 6 కిలోల పాపను ఆపాలంటే ఆ క్షణంలో 80 కిలోలకు పైగా బరువును ఆపినంత బలం కావాలి. ఎంత గట్టిగా పట్టుకున్నా అమ్మ చేతులు నిలవవు, సర్దుకునే టైమే ఉండదు. అమ్మ బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేస్తే ఆ బెల్టు నలిపేది బిడ్డనే. ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ నడిచేటప్పుడు బాగుంటుంది గానీ కారులో అది రక్షణ ఇవ్వదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. పెద్దవాళ్ళకు నేను జరిమానా సంగతి చెప్పను, ఆ 80 కిలోల లెక్కే చెప్తాను. అది విన్నాక ఎవరూ వాదించరు.

"మన మొహం కనబడితే ఏడుపు ఆపుతుంది, సీటు ముందుకు తిప్పేద్దాం" అనేది రెండో మాట. పసిపిల్లల సీటును బిడ్డ మొహం కారు వెనక వైపుకు ఉండేలా బిగిస్తారు. పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ లేతది. ఎదురుగా గుద్దుకున్నప్పుడు, వెనక్కి తిరిగి ఉన్న బిడ్డకు ఆ తాకిడి సీటు వీపంతా పంచుకుంటుంది. ముందుకు తిరిగి ఉంటే మెడ మీద పడుతుంది. పిల్లల కార్ సీట్లకు ఐరోపాలో ఉన్న ఆర్129 అనే భద్రతా ప్రమాణం 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పడానికి ఒప్పుకోదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018 నుంచి, ఆ సీటుకు రాసిన బరువు, ఎత్తు దాటేదాకా వెనక్కే ఉంచమంటోంది. డ్రైవర్ పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉంటే, వెనక్కి తిరిగిన బేబీ సీటు అక్కడ పెట్టనే కూడదు.

ఈ రెండూ కదపకూడనివి. మిగతావన్నీ మన చేతిలో ఉన్నాయి, పాప ఏడుపు చాలా వరకు తగ్గేది కూడా వాటితోనే.

కొత్త సీటు కొనాలా, ఉన్నదాన్నే సర్దాలా?

ముందు సర్దండి. దుకాణానికి పరిగెత్తే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉంటాయి.

మన ఊరి సంగతి తెలిసిందే కదా, ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ. సీటు గుడ్డ చాలావరకు పాలిస్టరే, వీపు వైపు గాలి ఆడదు. పాపను ఎత్తుకోగానే జుబ్బా వీపుకు అతుక్కుపోయి ఉంటే ఏడుపుకు సగం కారణం దొరికినట్టే. పాపను కూర్చోబెట్టే ముందే ఐదు నిమిషాలు ఏసీ వేసి ఉంచండి. ఒంటి మీద ఒకటే పలుచని నూలు బట్ట చాలు. చలిగా ఉంటే బెల్టు పెట్టాక పైనుంచి కప్పండి. మందపాటి దుప్పటి, స్వెటర్ బెల్టు కింద ఉంటే బెల్టు బిగిసినట్టు కనిపిస్తుంది గానీ లోపల వదులే. ఎండలో ఆగిన కారులో బకిల్ చురుక్కుమంటుంది, పాపకు తగిలే ముందు మీ చేతికి తగలనివ్వండి. ఎండ పడుతోందని సీటు మొత్తాన్ని చున్నీతో కప్పేయడం మాత్రం వద్దు. లోపల వేడి పెరుగుతుంది, పాప మొహం మీకు కనిపించదు.

తర్వాత బెల్టులు. వెనక్కి తిరిగిన సీట్లో భుజం బెల్టు పాప భుజాల ఎత్తులోంచి గానీ కాస్త కిందనుంచి గానీ రావాలి. పిల్లలు నెల నెలకీ పెరుగుతారు, బెల్టు ఎత్తు మాత్రం సీటు కొన్న రోజు ఉన్నచోటే ఉండిపోతుంది. పట్టీ మెలిక తిరిగితే ఒరుసుకుంటుంది. ఏడుస్తోందని వదులు చేస్తే పాప జారిపోయి పట్టీ మెడకు తగిలి ఇంకా ఏడుస్తుంది. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి, మడత దొరక్కపోతే సరిగ్గా ఉన్నట్టు. బుజ్జి పిల్లల కోసం సీటుతో ఇచ్చే లోపలి దిండును ఎంత బరువు వచ్చాక తీసేయాలో సీటు పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ బరువు దాటినా అది అలాగే ఉంటే పాపకు ఇరుకు, పైగా వేడి.

ఇక వాలు. చిన్నపిల్లలకు సుమారు 45 డిగ్రీలు. చాలా సీట్లకు పక్కన ఒక గీతో గుర్తో ఉంటుంది. కారు సమంగా ఉన్న చోట ఆగినప్పుడు దాన్ని చూడండి. నిటారుగా ఉంటే తల ముందుకు వాలి గడ్డం గుండెకు ఆనుతుంది, ఊపిరికి అడ్డం. పొట్ట నొక్కుకుపోయి పాలు కక్కే పిల్లలూ ఉంటారు.

ఇవన్నీ సర్దినా కుదరకపోతే అప్పుడు కొనే మాట. హ్యాండిల్ పట్టుకుని మోసుకెళ్ళే చిన్న సీటు పుట్టిన పిల్లలకు బాగా అమరుతుంది, కారు దిగేటప్పుడు నిద్ర చెదరదు. కానీ చాలామంది పిల్లలకు ఏడాది తిరిగేసరికి పొడవు చాలదు. కారులోనే ఉండిపోయే పెద్ద సీటు ఎక్కువ కాలం వస్తుంది, చిన్న కార్లలో మాత్రం చోటు తినేస్తుంది. ఐదారు నెలల్లోపు పాపకైతే నా ఓటు చిన్న సీటుకే. ఆరు నెలలు దాటాక కొంటుంటే పెద్దదే తీసుకోండి. ఏదైనా మీ కారులో పెట్టి చూడకుండా డబ్బు కట్టకండి.

ఎడమ పక్కా, కుడి పక్కా?

దీని గురించి ఎవరూ అడగరు గానీ అడగాల్సిందే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. మధురవాడ వైపు వాళ్ళు పొద్దున్న టౌన్లోకి వస్తుంటే, వెనక్కి తిరిగి కూర్చున్న పాప మొహం ఈశాన్యానికి ఉంటుంది. సముద్రం మీంచి వచ్చే ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు మొహం నైరుతికి, అప్పుడు పడమటి ఎండ. రెండు సార్లూ ఎండ కారు ఎడమ వెనక మూలనుంచే వస్తుంది. అంటే డ్రైవర్ వెనక, కుడి పక్కన నీడ ఎక్కువ. కానీ రోడ్డు పక్కన ఆపి పాపను దించాలంటే ఎడమ పక్కే క్షేమం, కుడి తలుపు తెరిస్తే వచ్చే పోయే బండ్లే. సెల్లార్‌లో ఎక్కి సెల్లార్‌లో దిగేవాళ్ళు కుడి పక్క పెట్టుకోవచ్చు. మిగతావాళ్ళు ఎడమ పక్కే ఉంచి, ఎండ పూర్తిగా ఎక్కకముందో, పొద్దు గూకాకో బయల్దేరడం మంచిది.

నిద్రవేళా, మెలకువవేళా?

మూడు నెలల్లోపు పిల్లలకు నిద్రవేళే. పాలిచ్చి, త్రేన్పు తీసి, ఇరవై నిమిషాలో అరగంటో ఆగి, డైపర్ మార్చి, కళ్ళు మూతలు పడుతుండగా బయల్దేరండి. నాలుగైదు నెలలు దాటినవాళ్ళకు చుట్టూ చూడాలని ఉంటుంది. దగ్గర ప్రయాణాలకు కడుపు నిండి హుషారుగా ఉన్న టైము, దూరానికి నిద్ర టైము కుదురుతాయి. మరీ అలిసి చిరాకుగా ఉన్నప్పుడు మాత్రం ఎవరికీ కుదరదు.

కారు కదులుతుంటే నిద్రపోయి సిగ్నల్ దగ్గర ఆగగానే లేచి ఏడ్చే పిల్లలు ఎందరో. మా పాపా అంతే. హైవే మీద ఎండాడ, హనుమంతవాక, వెంకోజీపాలెం, ఇసుకతోట, మద్దిలపాలెం సిగ్నళ్ళు వరసగా వస్తాయి. సిరిపురం వైపు పనుంటే రుషికొండ మీదుగా బీచ్ రోడ్డు పట్టుకుంటాం. దూరం కాస్త ఎక్కువైనా ఆగడాలు తక్కువ. ఆదివారం సాయంత్రం మాత్రం ఆర్కే బీచ్ వైపు ఈ లెక్క పనిచేయదు.

నిద్రపోయింది కదా అని ఇంటికొచ్చాక సీట్లోనే వదిలేయకూడదు. ఎత్తి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. దూర ప్రయాణంలో రెండు గంటలకు మించి ఏకబిగిన సీట్లో ఉంచకండి. నెలల పిల్లలకు ఇంకా ముందే ఆపాలి.

ఆపాలా, సాగిపోవాలా?

ఇంటికి ఐదు నిమిషాలే ఉండి, పాప కడుపు నిండి, పొడిగా ఉంటే సాగిపోండి. ఆ ఏడుపు వినడం కష్టమే గానీ పాపకు హాని లేదు. అంతకన్నా దూరముంటే, ఏడుపు పెరుగుతుంటే ఆపండి. పాప కోసం మాత్రమే కాదు, డ్రైవర్ టెన్షన్ తగ్గడం కోసం కూడా. హైవే అంచున కాదు, పెట్రోల్ బంకు లోపలో, పక్క వీధిలోనో. కారు కదులుతుండగా బెల్టు తీయడం, పాప మీదికి వంగి పాలివ్వడం, సీసా నోట్లో పెట్టడం మూడూ వద్దు. ఆగాక ఎత్తుకుని పాలిచ్చి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ పెట్టండి.

వెనక సీట్లో పక్కన ఒకరు బెల్టు పెట్టుకుని కూర్చోగలిగితే అద్దాలకన్నా బొమ్మలకన్నా అదే మేలు. పాప గుండెల మీద చెయ్యి వేసి లాలిపాట పాడండి, లేదా చెవి దగ్గర మెల్లగా "ష్... ష్..." అనండి. ఫోన్లో వీడియో ఈ వయసుకు వద్దు, పైగా సడన్ బ్రేకు పడితే ఆ ఫోన్ ఎగిరేది పాప మీదికే. ఒంటరిగా నడిపేవాళ్ళు మాటలతో పలకరిస్తూ ఉండండి, కారు ఆగినప్పుడే వెనక్కి చూడండి. సీటును ఇంట్లో నేల మీద పెట్టి రోజూ కాసేపు అందులో ఆడించడం కూడా పనిచేస్తుంది, మంచం మీదో బల్ల మీదో మాత్రం పెట్టకండి.

అరకుకు కారా, రైలా?

ఆరు నెలల్లోపు బిడ్డతోనైతే రైలే. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మలుపులు సీటంటే గిట్టని పాపకు చాలా కష్టం. అరకు మీదుగా పోయే కిరండూల్ లైను రైల్లో పాపను ఎత్తుకోవచ్చు, పాలివ్వచ్చు, ఎత్తుకుని అటూ ఇటూ నడవచ్చు. యాభైకి పైగా ఉన్న సొరంగాల చీకటి, రొదకు కొందరు పిల్లలు బెదురుతారు, అప్పుడు దగ్గరకు తీసుకోగలగడమే పెద్ద లాభం. విజయనగరం, శ్రీకాకుళం వెళ్ళేటప్పుడు కూడా టైము కుదిరితే నేను రైలే చూస్తాను. క్యాబ్ అయితే మన సీటు తీసుకెళ్ళాలి. కానీ చాలా క్యాబుల్లో వెనక బెల్టు బకిల్ సీటు కవర్ కింద దాగి ఉంటుంది, ఎక్కే ముందే డ్రైవర్ బాబుతో తీయించండి.

సీటు సర్ది, టైము మార్చి చూసినా ఏడుపు తగ్గకపోతే, పాప సీట్లోనే కాక ఇంట్లో పాలు తాగాక పడుకోబెట్టినా విల్లులా వంగి ఏడుస్తుంటే, తరచూ కక్కుతుంటే, బరువు సరిగ్గా పెరగకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన పాప అయితే దూర ప్రయాణం పెట్టుకునే ముందే, సీట్లో ఎంతసేపు ఉంచవచ్చో డాక్టరునే అడగండి.